మసి తుడిచిన కాగితం

ఒకప్పుడు నాకు సంతకాల పిచ్చి ఉండేది. ఇప్పుడు లేదంటే మా ఆవిడ నమ్మదు. పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నాడట, అంటుంది. కానీ నిజంగానే కుదిరింది. ఎలా కుదిరిందో ఆవిడకి కూడా సగమే తెలుసు. మిగతా సగం ఇన్నేళ్ళూ కడుపులో పెట్టుకుని తిరిగాను. సిగ్గుతో చెప్పలేదు. ఇప్పుడు కూడా సిగ్గు పోయి చెప్పడం లేదు.

అరవైల చివర్లో నేను గజపతినగరం హైస్కూల్లో సోషల్ మేష్టర్ని. తోటి మేష్టర్లకి చీట్లపేక ఉండేది, నాకు పాత కాగితాలు ఉండేవి. అన్ని కాగితాలూ కాదు, సంఘాలవీ సమాజాలవీ మాత్రమే. పూర్వం మన వైపు నలుగురు పెద్దమనుషులు ఒక అరుగు మీద కలిస్తే చాలు, లేచేలోగా ఒక సమాజం పెట్టేవారు. కల్లు మానిపించడానికొకటి, భజనకొకటి, వితంతు వివాహాలు చెయ్యడానికొకటి, వాటిని ఆపడానికి ఇంకొకటి. విజయనగరంలో దొరలూ జమీందార్లూ తలుపులు వేసుకుని నడిపిన ఫ్రీమేసన్ల లాడ్జీ, అదీ ఒక సమాజమే, కూడా ఉండేది. ఎందులో చేరినా ముందు ఒట్టు పెట్టుకోవాలి, ఆ ఒట్టు కాగితం కింద చేవ్రాలు చెయ్యాలి. ఆ కాగితాలు నాకు కావాలి. పచారీ కొట్లలో పొట్లాలకి పెట్టుకున్న దొంతర్లు ఒక్కొక్కటీ ఎత్తి చూసేవాణ్ణి. ఒకసారి పొట్లం కోసం వేరుశనక్కాయలు కొని, కాయలు వీధిలో పారబోసి కాగితం పట్టుకొచ్చానని మా ఆవిడ ఊరంతా చెప్పింది. పారబొయ్యలేదు, జేబులో పోసుకున్నాను.

"ఈయనకి పెళ్ళిచూపుల్లో నన్ను చూపించడం దండగ. మా నాన్న సంతకం చూపిస్తే చాలును, తాళి కట్టేసేవారు," అనేది.

నా పిచ్చికి గురువు విజయనగరంలో ఒక ప్లీడరు గారు. కోర్టు పని తగ్గించుకుని, హాలు నిండా గాజు తలుపుల బీరువాలు పెట్టించి, వాటిలో ఈ కాగితాలు నిలబెట్టుకున్న మనిషి. నెలకో ఆదివారం వెళ్ళేవాణ్ణి. మంచి కాఫీ ఇచ్చేవారు, దాంతోపాటు ఒక మాటా అంటించేవారు. "మీదంతా శనక్కాయల సరుకండీ మేష్టారూ." అది నవ్వుతూనే అనేవారు. నేనూ నవ్వేవాణ్ణి. బస్సులో మాత్రం గజపతినగరం వచ్చేదాకా ఆ మాటే నమిలేవాణ్ణి. ఎప్పటికైనా ఆయన బీరువా ముందు నిలబడి ఆయన నోరు మూయించే కాగితం ఒకటి తీసుకెళ్ళాలని నాకు ఉండేది. ఇంత చిన్న కోరిక కోసం మనిషి ఎంత దూరం దిగజారగలడో నాకప్పుడు తెలీదు.

కాగితం శుభ్రం చెయ్యడం నేర్పింది కూడా ఆయనే. రెండు రోజుల నాటి డబల్ రొట్టె తెచ్చి, లోపలి గుజ్జు తీసి ఉండ చేసి, కాగితం మీద మెల్లగా దొర్లించాలి. పైనున్న మురికీ మసీ రొట్టెకి అంటుకుంటాయి, సిరా అంటుకోదు. ఎంత నల్లటి కాగితమైనా పెళ్ళికూతురిలా తయారవుతుందనేవారు.

ఆ వేసవి సెలవుల్లో ఆమదాలవలసలో మా తోడల్లుడి ఇంటికి వెళ్ళాను. ఆయన ధాన్యం వ్యాపారి. స్టేషను దగ్గర ఆయన గోడౌనుకి ఆనుకుని ఒక రేకుల షెడ్డు ఉండేది. దాన్లో ఒక ముసలాయన పొద్దస్తమానం దబ్బనంతో గోనె సంచులు కుడుతూ కూర్చునేవాడు. రంగూన్‌ని మన వైపు రంగం అంటారు కదా, ఆయన్ని అందరూ రంగం తాత అనేవారు. ఇరవై ఏళ్ళు అక్కడ బియ్యం మిల్లులో కూలి చేసి, యుద్ధంలో బాంబులు పడ్డాక కొండలూ అడవులూ కాలినడకన దాటి వచ్చినవాడు. రెండు కళ్ళలోనూ శుక్లాలు. సంచీ చిరుగు ఎక్కడుందో వేళ్ళతో తడిమి కుట్టేవాడు.

నా పిచ్చి గురించి మా తోడల్లుడు వెక్కిరిస్తుంటే తాత విన్నాడు.

"మాకూ ఒక సంగం ఉండీది బాబూ," అన్నాడు. "అన్నదమ్ముల కట్టు అనీవోళ్ళం. కాయితం నాకాడే ఉన్నాది. దొర సంతకం కూడా ఉన్నాది."

దొర సంతకం అన్న మాట దగ్గర నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. చూపించమన్నాను. షెడ్డు దూలానికి కట్టిన వెదురు గొట్టం దింపి, నోటికి కుక్కిన గుడ్డ లాగి, మైనపు గుడ్డలో చుట్టిన కాగితం బయటికి తీశాడు. పెద్ద దళసరి కాగితం. పైన ఎవరో గుండ్రటి తెలుగులో 'అన్నదమ్ముల కట్టు సంగం' అని పెట్టి, కింద రాశారు: మాలో ఎవరు ఎక్కడ పోయినా నలుగురం భుజం పడతాం, దిక్కులేనివాడిలా వదలం. దాని కింద ముప్ఫై రెండు చేవ్రాళ్ళు. చదువొచ్చినవాళ్ళు అయిదారుగురు పేర్లు రాశారు. మిగిలినవాళ్ళు నిశానీలు వేశారు. ఎవరి పని వాళ్ళ గుర్తు. కొడవలి, పడవ, చేప, తాటిచెట్టు, నాగలి. అన్నిటికీ అడుగున సాక్షిగా మిల్లు మేనేజరు ఇంగ్లీషు సంతకం, నీలం ముద్ర.

ప్లీడరు గారి బీరువాలన్నీ కలిపినా ఇలాంటిది లేదు. అవన్నీ గొప్పవాళ్ళ సంఘాలు, కుర్చీల్లో కూర్చుని పెట్టిన సంతకాలు. సముద్రం అవతల కూలీలు పెట్టుకున్న సంఘం ఇది. కాగితం మాత్రం చాలా మాసిపోయి ఉంది. చాలా నిశానీల పక్కన నల్లటి మరకలున్నాయి.

"ఇస్తావా తాతా?" అన్నాను.

"ఎలగిస్తానండీ," అన్నాడు, నేను ఆయన కాలో చెయ్యో అడిగినట్టు.

అప్పుడు నేను చేసిన పని ఉన్నదున్నట్టు చెబుతాను. ఆ రోజుల్లో కొండల వైపు నక్సలైట్ల గొడవలు జరుగుతున్నాయి. సంఘం అన్న మాట వినబడితే రచ్చబండ మీద ఉన్నవాళ్ళు కూడా తువ్వాలు దులుపుకుని లేచిపోయేవారు. ఎవరింట్లో ఏ కాగితం దొరుకుతుందోనని సోదాలు. అది నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. నేను గొంతు తగ్గించి, "తాతా, పైన సంగం అని ఉంది, కింద ముప్ఫై రెండు సంతకాలున్నాయి. ఇది ఇంట్లో దొరికితే, ఇది రంగం నాటిదని నువ్వు చెబితే వినేదెవరు? నేను గవర్నమెంటు మేష్టర్ని. నా దగ్గర ఉంటే చరిత్ర కాగితం అంటారు. నీ దగ్గర ఉంటే ఇంకోటంటారు," అన్నాను.

ఆయన తల గుమ్మం వైపు తిప్పి, బయట ఎవరైనా ఉన్నారేమోనని చెవి పెట్టడం చూశాను. చూసి సంతోషించాను. ఈ ముక్క రాయడానికే ఇన్నేళ్ళు పట్టింది.

తాత కాగితం మళ్ళీ మైనపు గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టాడు. "దాసి పెట్టండి బాబూ. మాలయ అమాస నాటికి మాత్రం అట్టుకొచ్చీయాల. ఆ రోజు ఆడోళ్ళొస్తారు, సూసుకోడానికి. ఆ మసి ఉన్నాది సూడండి, అదేటంటే..."

ఆ మసి ఏమిటో ఆయన చెప్పబోయాడు. నాకు విజయనగరం పాసింజరు వేళయింది. ఆయన మనసు మారేలోపు అక్కణ్ణించి బయటపడాలని కూడా ఉంది. "అలాగే తాతా, మహాలయ అమావాస్యకి తెస్తానుగా, అప్పుడు తీరిగ్గా చెబుదువుగాని," అని వచ్చేశాను.

ఇంటికొచ్చి మర్నాడే రొట్టె తెప్పించాను. రెండు రోజులు ఆగి, కిటికీ పక్కన బల్ల వేసుకుని, పొద్దున్న కూర్చుంటే మధ్యాహ్నం భోజనాల వేళ దాటింది. ఆ నల్లమరకలు నేను అనుకున్నదానికన్నా తేలిగ్గా వచ్చాయి. ఉండ దొర్లించేసరికి కాగితం తెల్లగా బయటపడుతుంటే నా నైపుణ్యానికి నేనే మురిసిపోయాను. మా ఆవిడ అన్నానికి పిలవడానికి వచ్చి, భుజం మీంచి వంగి చూసింది.

"ఈ మరకలు వరసగా ఉన్నాయేమిటండీ? ఒక్కో బొమ్మ పక్కన నాలుగేసి ఉన్నాయి," అంది.

"కూలివాళ్ళు కదా. పని చేతుల్తో పట్టుకుని ఉంటారు," అన్నాను.

"అన్నిటికీ లెక్కగా నాలుగేనా?"

"నీకేం తెలుసు?" అన్నాను. ఆవిడ వెళ్ళిపోయింది. ఆవిడ ఎస్సెల్సీ దాకా చదువుకుంది, నేను బియ్యే బీయీడీ. నల్లబడ్డ రొట్టె ఉండలు పెరట్లో పారేశాను. కాకులు ఎగరేసుకుపోయాయి.

ప్లీడరు గారు ఆ కాగితం చూసి కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. శనక్కాయల మాట ఎత్తలేదు. రెండో కప్పు కాఫీ తెప్పించారు. "ఎంత చక్కగా శుభ్రం చేశారండీ, నా చేత్తో నేను చేసినా ఇంత రాదు," అన్నారు. దాని బదులు తన దగ్గరున్న లాడ్జీ పత్రం, ముగ్గురు దివాన్ల సంతకాలున్నది, ఇస్తానన్నారు. ఆలోచించుకుని చెబుతానన్నాను. నిజానికి ఒప్పేసుకుందామనే అనుకున్నాను. తాతకి ఏదో ఒకటి చెప్పొచ్చు, ముసలాడు, కళ్ళు కనబడవు. ఇలా అనుకున్న మనిషిని నేనే.

భాద్రపదంలో ఒక కార్డు వచ్చింది. ఎవరిచేతనో రాయించాడు. అమాస దగ్గరకొచ్చింది, కాయితం తెండి, ఈ యేడు ముఖ్యం, అని మూడే ముక్కలు. ఎందుకో ఆ 'ఈ యేడు ముఖ్యం' అన్న మాట నన్ను పట్టుకుంది. సెలవు పెట్టి బయల్దేరాను. నిజం చెప్పాలంటే కొంత గర్వంగానే వెళ్ళాను. వెనక అట్ట వేయించి, అంచులు అతికించి, గుడ్డలో చుట్టి తీసుకెళ్ళాను. ఇంత అందంగా తయారుచేసినందుకు ముసలాయన సంతోషిస్తాడనుకున్నాను.

షెడ్డులో సంచుల గుట్టలు ఒక పక్కకి నెట్టి, అలికి, పీట వేసి ప్రమిద పెట్టారు. పొద్దున్న తొమ్మిదయింది. ఆడవాళ్ళు అయిదారుగురు వచ్చారు, అందరూ యాభై దాటినవాళ్ళు. అన్నదమ్ముల కట్టులో మిగిలింది ఇద్దరే. రెండో ఆయన మంచం దిగలేడు. కాబట్టి ఆ ఆడవాళ్ళకి పెద్దదిక్కు తాత ఒక్కడే. ఒక మూల ఇస్త్రీ చొక్కా వేసుకుని, గొడుగు మోకాళ్ళ మధ్య పెట్టుకుని ఒక మగమనిషి కూర్చున్నాడు. మొహం ముడుచుకుని ఉంది.

తాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, అప్పుడు చెప్పాడు, వేసవిలో నేను వినకుండా వచ్చేసిన సంగతి.

కట్టులో ఒకడు పోతే నలుగురు మోస్తారు. మోసి వచ్చాక, శవం తలదగ్గర పెట్టిన దీపం మసిని ఆ నలుగురూ బొటనవేలికి రాసుకుని, పోయినవాడి నిశానీ పక్కన ఒక్కొక్కరూ అద్దుతారు. నాలుగు మసి వేళ్ళుంటే వాడు నలుగురి భుజాల మీద వెళ్ళాడని అర్థం. నడకలో పోయినవాళ్ళకి దీపం లేదు, పుల్ల కాల్చి ఆ మసే అద్దారు. ఆ కాగితం నడుముకి కట్టుకుని కొండలు దాటించింది తాతే. తెచ్చి ఇంటింటికీ తిరిగి చూపించాడు. బూడిద లేదు, ఎముక లేదు, ఆ ఆడవాళ్ళకి ఉన్నది ఆ మసే. ఏడాదికోసారి వచ్చి, దీపం వెలిగించి, ఆ మసి వేళ్ళకి దండం పెట్టుకుని వెళతారు.

ఆయన చెబుతుంటే నా చేతిలో కాగితం బరువెక్కిపోయింది. లేచి పారిపోదామనుకున్నాను.

"ఈ అమ్మి ఉన్నాది కాద," ఎదురుగా కూర్చున్న ఒకావిడ వైపు చెయ్యి చాచాడు తాత. బొట్టు లేదు, గాజుల్లేవు, సన్నటి మనిషి. "దీని పెనిమిటి నడకలో జొరమొచ్చి పోనాడు. నానూ ఇంకో ముగ్గురం మోసేం. వాగు ఒడ్డున పెట్టేం. ఆ ముగ్గురూ కూడా ఇప్పుడు నేరు. నానొచ్చి కాయితం సూపిస్తే ఇది గాజులు తీసీసింది. అత్త ఒప్పుకోనేదు. కొడుకు రంగంలో బర్మాదాన్ని కట్టుకుని ఉండిపోనాడు, మొగుడు బతికుండగానే బొట్టు తుడిసేసింది ఈ పాపిష్టిది అని ఊరంతా సెప్పింది. పాతికేళ్ళు."

మూలనున్న గొడుగాయన అప్పుడు నోరు విప్పాడు. ఆవిడ మరిది, గరివిడి దగ్గర పల్లెలో రైతు. "మాయమ్మ ఉన్నంతకాలం నాను దాని మాట దాటనేదండి. మొన్న సంకురాత్రి ముందు అమ్మ పోనాది. మావొదిన కాళ్ళా ఏళ్ళా పడతన్నాది, అన్నని పెద్దల్లో కలపమని. నానొకటే అన్నాను. నా కళ్ళతో నాను సూడాల. ఉన్నాదంటే ఇప్పుడే బండెక్కి ఎలిపోయి, పొద్దు తిరక్కముందే అన్నకి పెడతాను. నేదంటే ఇంకెప్పుడూ అడగొద్దు. బతికున్నోడికి పిండం పెట్టమంటే నానెలా పెడతానండీ?"

మంచి రైతు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు.

ఆవిడ నా చేతిలోని గుడ్డ మూట వైపు చూస్తోంది. నేను విప్పాను. విప్పక ఏం చెయ్యను? అట్ట మీద అతికించిన కాగితం దీపం పక్కన తెల్లగా మెరిసింది. ఆడవాళ్ళు ముందుకి జరిగారు. ఎవరి నిశానీ వాళ్ళు వెతుక్కుంటున్నారు. ఈవిడకి వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. ఆమె భర్త ఎడంచేతి వాటం వాడు. అందరి నాగళ్ళూ ఒక వైపు తిరిగి ఉంటే అతను గీసిన నాగలి రెండో వైపు తిరిగి ఉంది. దాని మీద వేలు పెట్టింది. వేలు పక్కకి జరిపింది. మళ్ళీ వెనక్కి తెచ్చింది.

"మసేది?" అంది.

మిగిలినవాళ్ళు కూడా వాళ్ళ వాళ్ళ గుర్తుల పక్కన తడుముకుంటున్నారు.

"బావా, మసేది?" ఈసారి తాతని గట్టిగా అడిగింది.

"అక్కడే ఉంటాది సూడమ్మీ. నాలుగు ఏలిముద్రలు. మొదటిది నాదే, పెద్దగా ఉంటాది," అన్నాడు తాత. ఎవరూ అవుననకపోయేసరికి నా వైపు తిరిగాడు. "మేస్టారూ, నాకు కళ్ళు ఆనవు. మీరు సూసి సెప్పండి. నాగలి పక్కన మసి ఉన్నాదా నేదా?"

అప్పుడు ఒక్క మాట అంటే సరిపోయేది. ఉండేది, నేనే తుడిచేశాను, తుడవకముందు నాలుగు వేళ్ళు నా కళ్ళతో నేను చూశాను. మరిది అక్కడే ఉన్నాడు. మేష్టరు మాట నమ్మేవాడు. పదకొండు గంటల బండికి వెళ్ళి అన్నకి పెట్టుకునేవాడు. ఆ మాట నా నాలిక చివరి దాకా వచ్చింది. ఆరుగురు ఆడవాళ్ళు నా మొహంలోకి చూస్తున్నారు. నేను బియ్యే బీయీడీని.

"పాత కాగితం కదా తాతా," అన్నాను. "మాసిపోయి ఉంటుంది."

మరిది గొడుగు పట్టుకుని లేచాడు. కోపంగా కూడా లేదు ఆయన మొహం. ఏదో బరువు దిగినట్టుంది. "ఒదినా, కాయితం కొత్త రూపాయి నోటునాగున్నాది. ఇందులో ఏటీ నేదు. పద, బండికి ఏలవుతాది," అన్నాడు. ఆవిడ లేచింది. ఏడవలేదు. వెళ్ళేటప్పుడు ప్రమిద ఆర్పబోయి, ఆగి, ఆర్పకుండానే వెళ్ళిపోయింది.

అందరూ వెళ్ళాక తాత కాగితం ఒళ్ళో పెట్టుకుని, సంచీ చిరుగు తడిమినట్టు వేళ్ళతో మొత్తం తడిమాడు. వెనక అట్ట తడిమాడు. అంచులు తడిమాడు.

"తుడిసీసేరేటి బాబూ?" అన్నాడు మెల్లగా.

"అవును," అన్నాను. ఇద్దరమే ఉన్నప్పుడు నిజం ఎంత తేలిగ్గా వచ్చిందో.

తిడతాడనుకున్నాను, తిట్టలేదు. కాగితం మళ్ళీ గుడ్డలో చుట్టి నా ఒళ్ళో పెట్టాడు. "మరి ఇది మీరే ఉంచండి. మా కాయితానికి మసుంటాది. ఇది మాది కాదు." దబ్బనం తీసుకుని, పక్కనున్న సంచీ లాక్కున్నాడు.

ఆ తర్వాత పది రోజులూ నేను తిన్న అన్నం అన్నంలా లేదు. మా ఆవిడకి సగం చెప్పాను. మరక సంగతి చెప్పాను, అబద్ధం సంగతి చెప్పలేదు. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల? వెళ్ళి ఆ మరిదితో చెప్పి రండి," అంది. దసరా సెలవుల్లో బయల్దేరాను. గరివిడిలో దిగి, పల్లెకి నడిచి వెళ్ళాను. మరిది చుట్ట కాలుస్తూ వాకిట్లో ఉన్నాడు. నులక మంచం వాల్చాడు. ఆవిడ మంచినీళ్ళు తెచ్చి పెట్టి, గుమ్మం దగ్గర నిలబడింది.

చెప్పేశాను. మసి ఉండేదని, నాలుగు వేళ్ళు నేను చూశానని, రొట్టెతో నేనే తుడిచేశానని, ఆ రోజు అబద్ధం ఆడానని. మొత్తం అయిపోయాక గుండెల మీంచి ఏదో దిగినట్టనిపించింది. ఆవిడ తల తలుపుకి ఆనించి కళ్ళు మూసుకుంది.

మరిది చుట్ట ఆర్పాడు. "నిజమేనేటండీ?"

"నిజమే."

"అలగైతే పెడతానండి. రేపొచ్చే అమాసకే పెడతాను. గాని ఊర్లో నలుగురూ అడుగుతారు. అప్పుడు నేదన్నావు, ఇప్పుడెలగున్నాదంటావు అంటారు. పంతులుగారూ అడుగుతారు. నాను సెప్తే ఎవుడు నమ్ముతాడు? మీరు సదువుకున్నోరు." లోపలికెళ్ళి నోటు పుస్తకంలోంచి ఒక ఠావు చింపి తెచ్చి నా ముందు పెట్టాడు. "ఇప్పుడు సెప్పిందే దీనిమీద రాసి, కింద సంతకం ఎట్టీయండి. సాలు."

జేబులోంచి కలం తీశాను. మూత తీశాను. రాయడం మొదలుపెట్టాను కూడా. 'ఫలానా సంఘం వారి ప్రమాణపత్రం నా స్వాధీనంలో ఉండగా, దాని మీది గుర్తులను నేను చెరిపివేసి' అన్నదాకా రాసి, ఆగి, రాసింది చదువుకున్నాను. సంఘం. నా స్వాధీనం. చెరిపివేసి. సెలవులకి ముందే పక్క తాలూకాలో ఒక మేష్టర్ని, ఏదో సంఘం చందా పుస్తకంలో పేరుందని, అడగడానికి తీసుకెళ్ళారని స్టాఫ్ రూములో చెప్పుకున్నారు. ఈ కాగితం ఊళ్ళో చేతులు మారుతుంది. నా పేరు, నా సంతకం, నా స్కూలు. వేసవిలో రేకుల షెడ్డులో ముసలాయన చెవిలో గొంతు తగ్గించి నేను పోసిన విషం మొత్తం ఇప్పుడు నా చెవిలోకి వచ్చింది. కలం కదల్లేదు.

"ఆలోచించి, ఇంటి దగ్గర వివరంగా రాసి పంపుతాను," అన్నాను. రాసిన ఠావు మడిచి నా జేబులోనే పెట్టుకున్నాను.

మరిది నా వైపు అర్థం కానట్టు చూశాడు. "సంతకమే కదండీ," అన్నాడు.

గుమ్మం దగ్గర ఆవిడ కళ్ళు తెరిచింది. నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసింది. కోపంగా చూసినా బాగుండును.

"ఒగ్గీ బాబూ, ఇంకొద్దు," అంది మరిదితో. "మావోడు సదువురానోడు, నాగలి బొమ్మేసేడు. ఈ బాబు సదువుకున్నోడు, ఏటీ ఎయ్యలేడు."

నేను పంపలేదు. ఆ అమావాస్యకీ పంపలేదు, పై యేడూ పంపలేదు. ఆ తర్వాత ఇంకేం మొహం పెట్టుకుని పంపను అనుకున్నాను. ప్లీడరు గారు రెండుసార్లు కబురు పంపారు. వెళ్ళలేదు. అన్నదమ్ముల కట్టు కాగితం ఇప్పటికీ నా ట్రంకుపెట్టెలో ఉంది. శుభ్రంగా ఉంది.